తెగేదాకా

తెగేదాకా లాగొద్దని పెద్దలంటారు.
మా గదిలో జీతమిచ్చేదే అందుకు.

వాల్దివియాలో వాన ఏప్రిల్‌లో మొదలైతే
ఎప్పుడాగుతుందని ఎవరూ అడగరు.
మెట్ల కింది గదిలో నా మిషన్:
రెండు ఉక్కు దవడలు, మధ్యన ఖాళీ.
కింది దవడ కదలదు, పై దవడ లేస్తుంది.
నడుమ ఏది పెట్టినా
తన బలమెంతో చెప్పి మరీ చస్తుంది.
గొర్రె ఎముక, గుర్రపు స్నాయువు,
ఒకసారి ఎవరో తెచ్చిన సాలెదారం
(అది తెగిన సంగతి మిషన్‌కి తెలియనే లేదు).
ఇరవై రెండేళ్లుగా దీని తాళంచెవి నా జేబులో.

ప్రతి మార్చిలో గోడకి కాగితం అంటిస్తాను:
డిగ్రీ విద్యార్థులకు ల్యాబ్‌లో చోటుంది, అనుభవం అక్కర్లేదు.
ఆ చివరి మాట చూసే వస్తారు.
వచ్చి, గుండె గుట్టు కనిపెడతామంటారు.
మేము చేతికి సీసాలిచ్చి కడగమంటాం.
మూడో వారానికి సీసాలు మిగులుతాయి.

సుయాయ్ లింకోపాన్ మిగిలింది.
నాలుగు ల్యాబ్‌లకి ఉత్తరం రాసిందట, మూడు పలకలేదు.
మా డాక్టర్ ఓయార్సున్ ఒక్క వాక్యం పంపింది:
"వానబూట్లు ఉన్నాయా?"

కొచాయుయో అని మా సముద్రపు నాచు,
రాతిని పట్టుకుని తోలుపట్టీలా ఊగుతుంది.
అలలు బాదేచోట పెరిగింది గట్టిదా,
నీళ్లు నిదరోయేచోట పెరిగింది గట్టిదా?
ప్రశ్న అంతే. పసిపిల్లలు అడిగేదే.
నీళ్లు వెనక్కి పోయే వేళ చూసుకుని
చీకటుండగానే రాళ్లమీదికి వెళ్లేవాళ్లు.
ఒకనాడు బూటొకటి సముద్రానికిచ్చేసి
తడిమేజోడుతో బస్సెక్కి వచ్చింది;
బకెట్‌లో కాడలు మాత్రం ఆరుకి ఆరూ ఉన్నాయి.

మిషన్‌లో పెడితే జారిపోయేవి. బిగిస్తే నలిగేవి.
నలభై ఒకటిలో ముప్పై ఎనిమిది దవడ అంచునే తెగాయి.
అక్కడ తెగితే లెక్కలోకి రాదు:
అది నాచు బలహీనత కాదు, మా పట్టు మొరటుతనం.
ఆమె ఏడవలేదు. నోట్‌బుక్‌లో ముప్పై ఎనిమిదిసార్లు,
ఒకే దస్తూరీతో,
"దవడ దగ్గర. పనికిరాదు" అని రాసింది.

మర్నాడు చేపలకోసం నది ఒడ్డు బజారుకి వెళ్లింది.
మెట్లమీద సముద్రసింహాలు ఆవలిస్తున్నాయి.
దోన్యా ఎర్మెలిందా బల్లకి వేలాడుతూ
ఎండిన కొచాయుయో, తాడుతో బిగించిన మోపులు, కర్రల్లా.
ఆదివారం కూరకి నేను కొనేవే.
ఇరవై రెండేళ్లు నానబెట్టుకు తిన్నాను;
ఎండితే కర్రవుతుందని నా పళ్లకి తెలుసు,
చేతులకి తట్టలేదు.

ఆ రాత్రి హీటర్ మీద కాడల రెండు కొసలూ ఆరబెట్టింది.
నడుమ మాత్రం ఉప్పునీటి గుడ్డ చుట్టి,
జ్వరమొచ్చిన పిల్ల నుదురు తడిపినట్టు
గంటకోసారి తడుపుతూ కూర్చుంది.
పొద్దున దవడలు కొసల్ని కరిచాయి, కొసలు ఓర్చుకున్నాయి.
తెరమీద గీత ఎక్కింది, ఇంకా ఎక్కింది,
నేను కాఫీ కప్పు నోటిదాకా తెచ్చి మర్చిపోయాను.
నట్టనడుమ, తడిచోట, టప్పున.

ఆమె నవ్వలేదు. "ఇంకోటి" అంది.

గొప్ప ఫలితమేం రాలేదు, ఉన్నమాట చెప్పొద్దూ.
అలల నాచూ నిదర నీటి నాచూ
ఇంచుమించు ఒకే బరువుకి తెగాయి.
డాక్టర్ కళ్లద్దాలు తుడుచుకుని
"మనం అనుకున్నది కాదు" అంది. కాసేపాగి,
"తెగేముందు ఎంత సాగాయో చూశావా?"
చూడలేదు. మళ్లీ మొదటి కాడ నుంచి చూసింది.

డిసెంబర్‌లో బ్లూబెర్రీ తోటలకి కూలికి పోయింది,
అద్దె కట్టాలి కదా.
నోట్‌బుక్ బల్లమీదే ఉంది.
ఉప్పు పట్టి పేజీలు అంటుకుపోయాయి,
లాగితే చినుగుతాయేమోనని
అలాగే ఉంచాను.

మార్చి వచ్చింది. కాగితం అంటించాను.
"అనుభవం అక్కర్లేదు" కింద
నా పెన్నుతో ఒక ముక్క కలిపాను:
బూట్లు రెండు జతలు తెచ్చుకోండి.